క్రానోగ్ వయసు ఒక్క కర్రతో తేలదు

ప్రశ్న: స్కాట్లండ్ సరస్సుల్లో మనుషులు కట్టిన దీవులు, అంటే క్రానోగ్‌లు, ఇనుప యుగానివని కొందరు, కొత్త రాతియుగానివని కొందరు అంటున్నారు. ఒక కర్రకు రేడియోకార్బన్ పరీక్ష (మిగిలిన కార్బన్-14 కొలిచి వయసు కట్టడం) చేస్తే తేలిపోదా?

తేలదు. ఇద్దరి మాటా నిజమే. ఒకే దీవి మీద వేరువేరు కాలాలవాళ్లు మళ్లీ రాళ్లు పోశారు, మళ్లీ గుంజలు దిగేశారు. పైన దొరికిన కర్ర చివర ఉన్నవాళ్ల కాలమే చెబుతుంది. 2012లో లూయిస్ ద్వీపంలో నేవీ మాజీ డైవర్ క్రిస్ ముర్రే ఒక దీవి చుట్టూ సరస్సు అడుగున పెద్దపెద్ద కుండ పెంకులు చూశాడు. అలాంటి దీవుల్లో కొన్ని క్రీ.పూ. 3640–3360 నాటివని ఆ తర్వాత తేలింది.

అందుకే నమూనా రాళ్ల కింద, అడుగు పొర నుంచి తీయాలి. బెరడు ఊడని కర్ర మేలు, దాని చివరి వలయమే చెట్టు నరికిన ఏడు. ఓక్ దుంగ చేవ నుంచి తీస్తే వందేళ్లు, ఇంకా ఎక్కువే పాతగా చూపించవచ్చు. సన్న పుల్ల, హేజెల్ కాయ పెంకు ఇంకా నమ్మకం, అవి ఒకటి రెండేళ్ల పెరుగుదలే. కుండకు అంటిన మాడు విషయంలో జాగ్రత్త: అందులో చేపలు వండి ఉంటే సరస్సు నీటిలోని పాత కార్బన్ వయసు పెంచేస్తుంది.

అసలు చిక్కు క్రీ.పూ. 800–400 మధ్య. అక్కడ కాలిబ్రేషన్ గీత, అంటే కొలిచిన కార్బన్-14ను అసలు సంవత్సరాలుగా మార్చే గీత, దాదాపు చదునుగా ఉంటుంది, నాలుగు వందల ఏళ్లూ ఒకేలా కనిపిస్తాయి. టే సరస్సులోని ఓక్‌బ్యాంక్ క్రానోగ్‌ది ఇదే ఇబ్బంది. ఒకే దుంగలో, వలయాలు లెక్కపెట్టి, దూరం తెలిసిన చోట్ల అయిదారు నమూనాలు తీసి, ఆ వరసను గీత ఒంపులతో సరిపోల్చాలి. వలయాలు మరీ తక్కువైతే ఫలితం సరిగా రాదు.

నీళ్లలోంచి తీసిన గుంజ కొనకు గొడ్డలి దెబ్బలు నిన్న చెక్కినట్టే ఉంటాయి. చూస్తూ కూర్చోకండి. లోపల కణాల గోడలు కుళ్లి, నీళ్లే ఆకారాన్ని నిలబెడుతుంటాయి. ఆరితే ముడుచుకుని చీలిపోతుంది, మళ్లీ తడిపినా తిరిగి రాదు. బ్రష్‌తో రుద్దకుండా నీళ్లు ధారగా పోసి కడిగి, తడిగానే ప్లాస్టిక్‌లో గాలి ఆడకుండా చుట్టి, చీకట్లో, చల్లగా ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు.

నమూనా కోసేది మాత్రం కర్రను, ఆరినా ముడుచుకోకుండా నిలిపే పాలిఇథిలీన్ గ్లైకాల్‌లో నానబెట్టక ముందే. ఆ పదార్థం పెట్రోలియం నుంచి వస్తుంది, కార్బన్-14 ఉండదు. అది ఇంకిన ముక్కను పంపితే వయసు లేనిపోనిది పెరిగి వస్తుంది.