ఖాళీ ప్లాటులో శిథిలాలు పోసిందెవరో, నోటీసు వచ్చింది నాకు!

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మాకు 200 గజాల ఖాళీ ప్లాటు ఉంది. నేను నిజామాబాద్‌లో ఉంటాను. కూల్చేసిన ఇళ్ల శిథిలాలను ఎవరో రాత్రిళ్లు టిప్పర్లలో తెచ్చి అందులో పోస్తున్నారు. అవి పక్కనున్న నాలాలోకి జారి, మొన్నటి వానకు నీళ్లు ఎదురింట్లోకి వెళ్లాయి. మున్సిపల్ అధికారులేమో వాటిని తీసేయాలని నాకే నోటీసు పంపారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పోసింది మీరు కాకపోయినా నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోవద్దమ్మా. స్థలాన్ని శుభ్రంగా ఉంచుకోవాల్సింది యజమానే అని మున్సిపాలిటీ అంటుంది. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. మీరు మౌనంగా ఉంటే వాళ్లే తీయించి ఖర్చు మీ నుంచి వసూలు చేయాలని చూస్తారు. గడువులోపే రాతపూర్వకంగా జవాబివ్వండి. నేను పోయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు, ఫలానా నెల నుంచి ఇలా జరుగుతోంది, పోసినవాళ్లను గుర్తించి చర్య తీసుకోండి అని రాయండి. ఫొటోలు జతచేయండి. అందినట్టు స్టాంపు వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఇక్కడ ఒకటి అడగక తప్పదు. గుంత పూడుతుంది కదా అని ప్లాటు చూసుకునే మనిషో, బంధువులో ఆ డ్రైవర్లను పోసుకోమన్నారా? చాలా చోట్ల ఇది అలాగే మొదలవుతుంది. ఆ సంగతి ముందు కనుక్కోండి. అదే జరిగి ఉంటే 'అనుమతి లేదు' అని రాయకండి. తర్వాత బయటపడితే మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

ఇక అసలు బాధ్యత. శిథిలాలు ఎవరి కూల్చివేతలో వచ్చాయో వాళ్లదే. 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తమ ఆవరణలోనే ఉంచుకోవాలి, లేదా నిర్దేశించిన సేకరణ కేంద్రానికి చేర్చాలి. రోడ్డుకు, డ్రైనేజీకి అడ్డంగా పోయకూడదు. వీటి స్థానంలో 2025లో నోటిఫై చేసిన కొత్త నియమాలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. అవి పెద్ద ప్రాజెక్టుల బిల్డర్ల మీద బాధ్యత ఇంకా పెంచాయి. ఈ నియమాలకు మూలమైన పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి టిప్పర్ డ్రైవర్ దగ్గరే ఆగిపోవద్దు. బండి నంబరు దొరికితే దాని యజమాని, ఆ యజమాని ద్వారా ఏ ఇంటి శిథిలాలో తెలుస్తాయి. కాలనీవాసుల సీసీ కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. ఈ రోజే ఫోన్ చేసి కాపీ తీసిపెట్టమనండి.

ఆ నంబరుతో పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. మీ స్థలంలోకి అక్రమంగా చొరబడడం భారతీయ న్యాయ సంహితలోని 329వ సెక్షన్, ఆస్తికి నష్టం కలిగించడం 324వ సెక్షన్ కిందికి వస్తాయి. ఫిర్యాదు తీసుకోకపోతే పైఅధికారికి రాతపూర్వకంగా పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లే దారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది.

మీ విషయంలో నాలా పూడిపోవడమే అన్నిటికన్నా బలమైన అంశం. ప్లాటు ఒక్కటే అయితే ఇది మీ సొంత తగాదా. నీళ్లు వేరేవాళ్ల ఇంట్లోకి వెళ్లాయంటే నలుగురికీ ఇబ్బంది అయినట్టే. నాగరిక్ సురక్షా సంహితలోనే 152వ సెక్షన్ కింద ఆ అడ్డు తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. పద్ధతి ప్రకారం ఇచ్చిన ఆ ఆదేశాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. ఎదురింటివాళ్లను కూడా కలుపుకొని దరఖాస్తు ఇవ్వండి. చెరువులు, నాలాల ఆక్రమణలపై పనిచేసే హైడ్రాకూ ఒక ప్రతి పంపండి.

నిధులు లేవు, సిబ్బంది లేరు అని మున్సిపాలిటీ చేతులెత్తేస్తే, రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని తేల్చిందని గుర్తుచేయండి. పోసినవాళ్లపై ఏ చర్య తీసుకున్నారో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఇవేవీ పనిచేయకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి ఉంది. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. కానీ పర్యావరణ వివాదం తేల్చమని ఆ ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వెళ్లాలంటే వివాదం మొదలైన 6 నెలల్లో వెళ్లాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. పరిహారం, పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు 5 ఏళ్ల గడువుంది. 'చూద్దాంలే' అని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఆ 6 నెలలు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొదటిసారి పోసిన తేదీ ఎప్పుడో ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఈలోగా శిథిలాలు తీయించాల్సి వస్తే, ఎవరో తక్కువకు తీసేస్తామన్నారని అప్పగించకండి. వాళ్లు మరో చెరువులో పోస్తే ఈసారి నిందితులు మీరవుతారు. జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో శిథిలాలను రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి. అలాంటి చోటికే పంపి, తీయకముందు ఫొటోలతో పాటు బరువు స్లిప్పు, రసీదు దాచుకోండి. పోసినవాడు దొరికాక ఆ ఖర్చును అతని నుంచి రాబట్టడానికి అవే మీ ఆధారాలు.