గుమ్మం దగ్గర నిలబడబోయే అమ్మాయికి

అమ్మా,

చెన్నైలోని మన తెలుగు చర్చికి కొత్తగా వచ్చేవాళ్లను పలకరించే పని పాస్టర్ గారు నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. ఆ పని చాలా ఏళ్లు చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

మన వాళ్లు వందనాలు చెప్పీ చెప్పకముందే ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఏ మిషను (అంటే ఏ క్రైస్తవ శాఖ) అని వరసగా అడిగేస్తారు. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో తెలుగువాళ్లలో తెలియనిది ఎవరికి? కులం కనుక్కున్నారని అర్థమయ్యాక ఆ మనిషి మళ్లీ మన గేటు దాటడు. పేరు చాలు. చెన్నై వచ్చి ఎన్నాళ్లయింది, ఎక్కడ ఉంటున్నారు, భోజనం ఎలా జరుగుతోంది, ఇవి అడుగు.

మిషను సంగతీ అంతే. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు లూథరన్లు కావచ్చు, నెల్లూరు ఒంగోలు వాళ్లు బాప్టిస్టులు కావచ్చు, దోర్నకల్ వైపు వాళ్లు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కావచ్చు. ఒకరు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం చూస్తూ పెరిగారు, ఇంకొకరు పెద్దయ్యాక నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం అని నేర్చుకున్నారు, ఆ వాదన గుమ్మం దగ్గర అసలు మొదలుపెట్టనివ్వొద్దు. ఇదే ఊళ్లో, సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో, 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి సీఎస్ఐగా ఒక్కటయ్యారు. అంత తేడా ఉన్నవాళ్లే ఒక్క సంఘం కాగలిగినప్పుడు మన బెంచీ మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోలేరా?

చెప్పులు ఎక్కడ విడవాలి, ఆడవాళ్లు ఎటు కూర్చుంటారు, ముసుగు వేసుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు, ఇవన్నీ లోపలికి రాకముందే మెల్లగా చెప్పు. కానుక సంచి వచ్చినప్పుడు వేయకపోయినా ఫర్వాలేదని కూడా చెప్పు. ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, ఉన్న ఆదివారం మరీ జాగ్రత్త, ఎవరు తీసుకోవచ్చో పాస్టర్ గారు చెప్పేది ఆరాధన మధ్యలో, అప్పటికి వరసలో సగం దూరం వచ్చేసిన మనిషి వెనక్కి తిరగాల్సి వస్తే ఆ సిగ్గు మనం పెట్టినదే అవుతుంది. ఇక "కొత్తవాళ్లు లేచి నిలబడండి" అని మైకులో పిలవడం మాన్పించమని పెద్దలను నువ్వే అడుగు, నేనూ మాట్లాడతాను.

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యం కోసం వచ్చిన కుటుంబాలు తెలుగు ఆరాధన ఉందని తెలిసి వెతుక్కుంటూ వస్తాయి. వాళ్లు వచ్చేది ఒక్క ఆదివారమే కావచ్చు. వాళ్ల చేతిలో సభ్యత్వం ఫారం పెట్టకు. పేషెంటు పేరు, ఆసుపత్రి, వార్డు, తోడు ఎవరున్నారో రాసుకో, ఆ పూట అన్నం ఎవరు తీసుకెళ్తారో చర్చి వదలకముందే తేల్చు. తమిళం రాక ఫార్మసీ దగ్గర, కౌంటర్ దగ్గర తికమకపడుతుంటారు, మన కుర్రవాళ్లలో తమిళం బాగా వచ్చినవాడిని ఒకడిని ఒక పూట పంపితే వాళ్లకు కొండంత ధైర్యం. ప్రార్థన తప్పకుండా చేయండి, కానీ స్వస్థత వచ్చి తీరుతుందని మాట ఇవ్వొద్దు, మందులు ఆపమని ఎవరైనా అంటే అక్కడే అడ్డుపడు.

ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డు మీద పీజీ హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలను ఆరాధన అయ్యాక గంటసేపు నిలబెట్టి మాట్లాడకు, ఆలస్యమైతే హాస్టల్లో భోజనం అయిపోతుంది. వీలుంటే ఎవరింటికైనా భోజనానికి తీసుకెళ్లు. వాళ్ల ఫోన్ నంబరు వాళ్లు ఒప్పుకోకుండా యూత్ వాట్సాప్ గ్రూపులో వేయొద్దు, మగపిల్లలు అడిగినా ఇవ్వొద్దు. ఈ విషయంలో మొహమాటపడకు.

ఫ్రెండుతో కలిసి ఊరికే చూడ్డానికి వచ్చే హిందూ పిల్లలూ ఉంటారు. కీర్తన పేజీ చూపించు, పక్కన కూర్చో, అంతవరకే. ఏదైనా అడిగితే అప్పుడు చెప్పు, బాప్తిస్మం మాట నీ నోట రానివ్వకు.

అందరూ మొదటి ఆదివారం హడావిడి చేస్తారు, రెండో ఆదివారం మర్చిపోతారు. నాకైతే రెండోదే ముఖ్యం. పేరు పెట్టి పిలిచి, పోయినసారి చెప్పిన ఇంటర్వ్యూ ఏమైంది, అమ్మకు ఆపరేషన్ అయిందా అని అడిగితే వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూడు. అందుకే ఇంటికి వెళ్లగానే నోట్‌బుక్‌లో రాసుకో, శనివారం రాత్రి ఒకసారి చదువుకో. ఆసుపత్రి వాళ్ల వివరాలు మాత్రం ఆదివారం సాయంత్రానికే పాస్టర్ గారికి చేరాలి, సోమవారం నుంచి ఆయన ఆసుపత్రులకు తిరుగుతారు.