మేస్త్రిని అడగండి: బెల్టు ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాన్లు పెట్టించనా?

ప్రశ్న: మేస్త్రిగారూ, నాది పాత డీజిల్ లోడు బండి. 12 వోల్టులది, టర్బో ఉంది. పొద్దున స్టార్టు చేయగానే ఫ్యాను విమానంలా రొద పెడుతుంది, రెండు నిమిషాలకు సర్దుకుంటుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. ఇంజను ఫ్యాను పీకేసి కార్లకుండే కరెంటు ఫ్యాన్లు రెండు బిగిస్తే వేడి తగ్గుతుందని, మైలేజీ కూడా పెరుగుతుందని తోటి డ్రైవర్లు అంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: కాస్త ఆగండి. ముల్లు ఎక్కడం జబ్బు, ఫ్యాన్లు మార్చడం మీ ముచ్చట. ముందు జబ్బు సంగతి చూద్దాం.

పొద్దుటి రొదకు భయపడక్కర్లేదు. ఫ్యాను మధ్యలో గుండ్రటి డబ్బాలా ఉండేదే ఫ్యాన్ క్లచ్. దాని లోపల సిలికాన్ ఆయిలు ఉంటుంది. బండి రాత్రంతా నిలబడితే ఆ ఆయిలు పలకల మధ్యకు దిగుతుంది, స్టార్టు చేయగానే ఫ్యాను ఇంజనుతో పాటు గట్టిగా తిరుగుతుంది. కాసేపటికి ఆయిలు తన అరలోకి వెళ్లిపోతే రొద ఆగుతుంది. క్లచ్ ముఖాన చిన్న స్ప్రింగు చుట్ట కనిపిస్తుంది చూడండి. రేడియేటర్ లోంచి వచ్చే వేడిగాలి తగిలితే అది మెలి తిరిగి ఆయిలును మళ్లీ లోపలికి వదులుతుంది.

ఇప్పుడు నాకు కావలసిన సమాధానం ఒక్కటే. ఎత్తు మీద ముల్లు ఎక్కినప్పుడు అదే విమానం రొద వినిపిస్తోందా? వినిపించకపోతే క్లచ్ పట్టడం లేదన్నమాట. ఇంజను వేడిగా ఉండగా ఆపేసి, తాళం జేబులో వేసుకుని, ఫ్యానును చేత్తో తిప్పి వదలండి. ఆయిలు ఉన్న క్లచ్ బరువుగా కదిలి వెంటనే ఆగుతుంది. ఉత్త గాలిపటం చక్రంలా గిరగిరా తిరిగిందంటే దాని పని అయిపోయింది. చుట్టూ జిడ్డు దుమ్ము పట్టి ఉంటే ఆయిలు కారిందని వేరే చెప్పాలా? కొత్త క్లచ్ వేయించండి, మీ ఉత్తరంలో సగం తీరిపోతుంది.

రొద వినిపిస్తున్నా ముల్లు ఎక్కుతోందంటే గాలికి దారి లేదు, లేదా నీటికి దారి లేదు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కీ, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కీ, రేడియేటర్‌కీ మధ్య సందుల్లో పేరుకున్న చెత్త బయటి నుంచి కనబడదు. విప్పి ఇంజను వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టండి. రేడియేటర్ మూత వాషరు, ఇంజను వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ కూడా చూడండి.

ఇక ముచ్చట. ఖాళీగా, వేగంగా పోయే బండికి ఎదురుగాలే సరిపోతుంది, ఏ ఫ్యాను ఉన్నా ఒకటే. లోడుతో, చిన్న గేరులో, నెమ్మదిగా ఎక్కేటప్పుడే ఫ్యాను అసలు పరీక్ష. మీ 12 వోల్టుల మీద ఒక్కోటి 30 ఆంపియర్లు తాగే కరెంటు ఫ్యాన్లు రెండు కలిపి 720 వాట్లు, అంటే దాదాపు ఒక హార్స్‌పవర్. పెద్ద లారీల బెల్టు ఫ్యాను పూర్తిగా పట్టినప్పుడు ఇంజను నుంచి 30, 40 హార్స్‌పవర్ లాగుతుంది. ఆ 40ని 24 వోల్టుల కరెంటుతో ఇవ్వాలంటే 1200 ఆంపియర్ల పైమాట! బండిలో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్; అంత ఇచ్చేది ఏ లారీకి ఉంటుంది? మీ బండి అంత పెద్దది కాకపోయినా లెక్క తీరు ఇదే. మైలేజీ మాటా అంతే. మంచి క్లచ్ ఉన్న ఫ్యాను ఎక్కువసేపు వదులుగానే తిరుగుతుంది, అక్కడ మిగిలేది కొంచెమే. రోజూ నిండు లోడుతో ఎత్తులెక్కే బండికైతే నేను పెట్టను. తేలిక లోడు, చదును రోడ్లు అయితే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పెట్టేవాళ్లకు నా అనుభవం ఒకటి చెబుతాను. నేను చేసిన మొదటి పనిలో రెండు ఫ్యాన్లకూ కలిపి ఒకే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) పెట్టాను, హెడ్‌లైటు వైరే వాడాను. షెడ్డులో భేషుగ్గా తిరిగాయి. వారం తిరక్కుండానే బండి ఎత్తు మధ్యలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే రిలే గూడు మైనంలా కరిగి, పిన్నులు నల్లబడి, ఫ్యూజు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టే క్షణంలో రెండు మూడింతల కరెంటు లాగుతుంది, అది నాకప్పుడు తట్టలేదు. అప్పటి నుంచి ఒక్కో ఫ్యానుకు ఒక్కో 40 ఆంపియర్ల రిలే, ఒక్కో ఫ్యూజు, 6 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఎర్తు వైరు కూడా అంతే లావు. చాలామంది ఎర్తు దగ్గరే పీనాసితనం చేస్తారు.

ఫ్యాన్లు రేడియేటర్ వెనక, ఇంజను వైపు ఉండాలి. మొత్తం రేడియేటర్‌ను కప్పే గూడు, అదే ష్రౌడ్, తప్పనిసరి. అది లేకపోతే రెక్కల ఎదురుగా ఉన్న మేరకే గాలి లాగుతుంది. ప్లాస్టిక్ పుల్లలు రేడియేటర్‌లో గుచ్చి బిగించేవాళ్లను దగ్గరకు రానీయకండి; అదురుకు ట్యూబు అరిగి కారుతుంది. బిగించాక ఫ్యాన్లు వేసి రేడియేటర్ ముందు వైపు ఒక కాగితం పెట్టండి. అతుక్కుంటే సరే. ఎగిరిపోతే వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాను ఎదురుగాలితో కుస్తీ పడుతోంది. పాత ఫ్యాను విప్పేటప్పుడు కొన్ని బండ్ల నట్టు ఎడమ మరది, అంటే మామూలుకు ఎదురు దిక్కున తిప్పితేనే ఊడుతుందని గుర్తుంచుకోండి. బెల్టు మాత్రం పారేయకండి, వాటర్ పంపు దాని మీదే తిరుగుతుంది.

ప్రశ్న: కరెంటు ఫ్యాన్లు పెట్టించాను. బండి వేడెక్కాక ఇక ఆగనే ఆగవు. వేడిని బట్టి వాటిని వేసి ఆపే స్విచ్ పాడైందా?

జవాబు: పాడవకపోవచ్చు. దాని మీద అంకెలు చదవండి. మీ థర్మోస్టాట్ 82 డిగ్రీలకు తెరుచుకునేదైతే, ఫ్యాన్లు 80 దగ్గర ఆగే స్విచ్ ఎన్నటికీ ఆగదు, ఇంజను అంత చల్లబడితేగా! 95కు మొదలై 88కి ఆగేది వేయండి. 95 అంటే కంగారు వద్దు. మూత బిగువుగా ఉండి, సగం కూలెంటు సగం నీళ్లు ఉంటే అంతకు చాలా పైన గానీ మరగదు. ఏసీ ఉంటే అది వేసినప్పుడు కూడా ఒక ఫ్యాను తిరిగేలా వేరే వైరు కలపమనండి.