హియరింగ్‌కి కాగితాలు సర్దుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు నాన్నా. పిప్, అదే వైకల్యం ఉన్నవాళ్లకి ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వం ఇచ్చే డబ్బు, రాలేదు, మళ్లీ చూడమని అడిగినా అదే మాట అన్నారు, ఇక అప్పీళ్లు వినే ట్రైబ్యునల్‌కి వెళ్లడం అవసరమా అని అడిగావు. అవసరమే. మళ్లీ చూశాక వాళ్లు పంపిన రెండో ఉత్తరం మీద ఉన్న తేదీ చూసుకో. అక్కడినుంచి ఒక నెలలోపు అప్పీల్ వెయ్యాలి. ఆన్‌లైన్లోనే వెయ్యొచ్చు, ఫీజు ఏమీ లేదు. కాగితాలు చూసి తేల్చమంటావా, హియరింగ్ కావాలా అని ఫారంలో అడుగుతారు. హియరింగే కావాలని పెట్టు. కాగితం మీద కనబడని మనిషి ఎదురుగా కూర్చుంటే కనబడతాడు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అక్కడే రాయి. నీకు ఇంగ్లీషు వచ్చని నాకు తెలుసు. కానీ నొప్పి గురించి, స్నానం గురించి, రాత్రిళ్లు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మన మాట మన భాషలోనే వస్తుంది. ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్లే ఉచితంగా పెడతారు, ఇంట్లోవాళ్లు అనువాదం చేస్తామంటే మామూలుగా ఒప్పుకోరు.

మీ మామయ్యకి పక్షవాతం వచ్చాక మేమూ ఈ దారిలోనే వెళ్లాం. అప్పటికి ఆయనకి 58 ఏళ్లు. నేను రెండు నెలలు కూర్చుని లావుపాటి ఫైలు తయారుచేశాను. స్కాన్లు, రక్తపరీక్షలు, ఎప్పుడో గుంటూరులో తీయించిన ఈసీజీ కూడా అందులో పెట్టాను. హియరింగ్ రోజున బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి అనుభవం ఉన్న మరొకావిడ. స్కాన్ల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. డాక్టరుగారు నెమ్మదిగా, "ఈ రోజు పొద్దున చొక్కా ఎలా వేసుకున్నారు?" అన్నారు. మీ మామయ్య, "వేసుకున్నానండి, బాగానే ఉన్నాను" అన్నారు. ఆ పొద్దున ఆయన ఎడమచేతిని చొక్కాలోకి దూర్చింది నేను, బొత్తాలు పెట్టింది నేను. అయినా నోరు విప్పలేదు, నలుగురిలో ఆయన పరువు తీయడమేమిటని. అప్పీల్ కొట్టేశారు. అందులో వాళ్ల తప్పు లేదు. మేం చెప్పని సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టి, ఆయన రోజు ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాకే మంజూరైంది.

అందుకని నీకు మొదట చెప్పేది ఇదే. అక్కడ జబ్బు పేరుకి పాయింట్లు లేవు. నీకు కీళ్లవాతం ఉందని ఎవరూ కాదనడం లేదు. వంట, తిండి, స్నానం, టాయిలెట్, బట్టలు, మందులు, మాట్లాడటం, చదవటం, నలుగురిలో మెలగటం, డబ్బు లెక్కలు అని రోజువారీ పనులు పది. దారి తెలుసుకుని వెళ్లడం, నడవడం అని ఇంకో రెండు. ఒక్కోదానికీ పాయింట్లున్నాయి. రోజువారీ పనుల్లో కలిపి 8 వస్తే ఒక రేటు, 12 వస్తే పై రేటు. కదలికకీ విడిగా అదే లెక్క. నువ్వు పంపే ప్రతి కాగితం ఈ పన్నెండింటిలో ఏదో ఒకదానికి సాక్ష్యం కావాలి. దేనికీ కానిది ఎంత పెద్ద ఆస్పత్రి కాగితమైనా పక్కన పెట్టు.

ఇంకో మాట బాగా గుర్తుపెట్టుకో. ఒక పని చెయ్యగలవని వాళ్లు అనాలంటే నువ్వు దాన్ని ప్రమాదం లేకుండా, సరిగ్గా, అవసరమైనన్నిసార్లు, తగిన సమయంలో చెయ్యగలగాలి. ఆ జబ్బు లేని మనిషికి మహా అయితే పట్టే సమయానికి రెట్టింపు దాటితే అది తగిన సమయం కాదు. నువ్వు బొత్తాలు పెట్టుకోగలవు, నిజమే. కానీ వాచిన వేళ్లతో ఎంతసేపు పడుతోంది? పెట్టుకున్నాక గంటసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నావా? అది రాయి.

మన ఇళ్లలో మగవాళ్లకి వంట దగ్గర ఒక చిక్కు వస్తుంది. వంట చేస్తారా అని అడిగితే, "నేను వంటగదిలోకే వెళ్లనండి, అంతా మా ఆవిడే" అంటారు. ట్రైబ్యునల్‌వాళ్లకి అది అలవాటులాగా వినిపిస్తుంది, చేతకానితనంలాగా కాదు. వాళ్లు చూసేది, నువ్వే చేసుకోవాల్సి వస్తే తాజా కూరగాయలతో ఒక మనిషికి సరిపడా ఒక పూట వంట చేసుకోగలవా అని. మొన్న సంక్రాంతికి కోడలు ఇండియా వెళ్లిన పది రోజులూ ఏం తిన్నావు? బ్రెడ్డు, అరటిపళ్లు, పక్కింటివాళ్లు ఇచ్చిన కూర. మూడో రోజు అన్నం వార్చబోతే గిన్నె జారి గంజి కాలి మీద పడిందని నువ్వే చెప్పావు. ఆ సంగతి తేదీతో సహా రాయి. కాలిన కాలికి ఫోటో తీసుకుని ఉంటే పెట్టు. కూర ఇచ్చిన పక్కింటావిడని తను చూసింది నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టమని అడుగు. వంద పేజీల రిపోర్టు చెప్పలేనిది ఆ నాలుగు వాక్యాలు చెప్తాయి.

కోడలి ఉత్తరం కూడా కావాలి. అది ముఖ్యం. ఆ పిల్ల నీకు చేసేది చేస్తున్నట్టు కూడా అనుకోదు, మన ఆడవాళ్లందరం అంతే. లేచింది మొదలు తను నీకోసం పెట్టిన చెయ్యి ప్రతిదీ రాయమను. సాక్సు, జిప్పు, మందుల డబ్బా మూత, తలకి షాంపూ. నువ్వు బాత్‌టబ్ అంచు దాటలేక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెంబుతో పోసుకుంటున్నావు కదా, ఆ కుర్చీకి, గోడకి వేయించిన పిడికి ఫోటోలు తీయండి.

నీది రోజుకో తీరుగా ఉండే జబ్బు. ఒకరోజు నడిచి షాపుకి వెళ్తావు, మర్నాడు మంచం దిగలేవు. సగానికి మించిన రోజుల్లో ఎలా ఉంటుందన్నది వాళ్ల లెక్క. అందుకే డైరీ కావాలి. మూడు నాలుగు వారాలు రాస్తే చాలు, బాగున్న రోజులు కూడా దాచకుండా రాయి. నడక గురించి మీటర్లలో అడుగుతారు. 20, 50, 200 అన్నవి వాళ్ల హద్దులు. మీ గుమ్మంనుంచి బస్‌స్టాప్ ఎన్ని మీటర్లో ఫోన్లో మ్యాప్ చూసి తెలుసుకో. ఎక్కడ ఆగుతావో, ఎంతసేపు ఆగుతావో, వచ్చాక ఏమవుతావో రాయి.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది. ట్రైబ్యునల్ చూసేది మొదటి నిర్ణయం ఇచ్చిన రోజున నువ్వెలా ఉన్నావన్నది, హియరింగ్ రోజున ఎలా ఉన్నావని కాదు. తర్వాత రాసిన కాగితమైనా పనికొస్తుంది, కానీ అప్పటి పరిస్థితి గురించి చెప్పాలి. డైరీ పైన "నిర్ణయం వచ్చిన నాటికీ ఇలాగే ఉండేది" అని, నిజంగా అలాగే ఉంటేనే, ఒక వాక్యం రాయి.

జీపీ (మీ ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లి ఊరికే ఉత్తరం ఇవ్వమని అడగకు. జబ్బు పేరు, మందుల పేర్లు రాసి ఇస్తారు, ఒక్కోచోట డబ్బు కూడా తీసుకుంటారు. నీకు కావాల్సినవి రాసుకుని వెళ్లు: చేతి పట్టు ఎంత ఉంది, పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుంది, కత్తి పట్టుకోవడం ప్రమాదమా. కీళ్ల క్లినిక్ నర్సు నిన్ను ఎక్కువసార్లు చూసింది, ఆమెని కూడా అడుగు. మెడికల్ రికార్డులు అడిగితే మామూలుగా ఉచితంగానే ఇస్తారు. పంపేముందు మొత్తం చదువు. "పేషెంట్ బాగున్నారు" అని ఎక్కడో ఉంటుంది, ఎందుకంటే నువ్వు అలాగే చెప్పి ఉంటావు. దానికి జవాబు సిద్ధంగా పెట్టుకో.

పిప్ నిర్ణయించే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీనుంచి నీ కేసు కాగితాల లావుపాటి కట్ట (బండిల్) వస్తుంది. భయపడకు. ప్రతి పేజీకీ నంబరుంటుంది. అందులో నువ్వు నింపిన ఫారం, నిన్ను పరీక్షించినవాళ్ల రిపోర్టు వెతుకు. రిపోర్టులో నిజం కాదనిపించిన ప్రతి వాక్యం దగ్గర చీటీ అంటించి, ఒక తెల్లకాగితం మీద "ఫలానా పేజీలో ఇలా ఉంది, జరిగింది ఇది, దానికి రుజువు ఇది" అని రాయి. కోపంగా రాయొద్దు. ఇలాంటి వాటికి ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్‌వాళ్లకి చూపించు.

ఈలోగా డీడబ్ల్యూపీనుంచి ఫోన్ చేసి ఇంత ఇస్తాం, సరేనా అని అడగవచ్చు. అక్కడికక్కడే ఒప్పుకోవద్దు. రాసుకుని, ఆలోచించి చెప్తానను. నీకు ఇప్పుడు ఏమీ ఇవ్వలేదు కాబట్టి అప్పీల్‌తో పోయేదేమీ లేదు. కొంత వస్తున్నవాళ్లయితే తగ్గే ప్రమాదం కూడా ఉంటుంది, వాళ్లు సలహా తీసుకునే వెళ్లాలి. మీకు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది కనుక నీకు ఇబ్బంది లేదు. వీసా మీద ఉన్న నీ స్నేహితుడికి మాత్రం ఈ ఉత్తరం చూపించి దరఖాస్తు పెట్టమనకు. పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం, తీసుకోకూడదని వీసాలో ఉంటే పిప్ అందులోకే వస్తుంది, తనకి వీసా దగ్గర చిక్కవుతుంది.

ఆ రోజు ఎలా వచ్చారని అడుగుతారు. వచ్చినట్టే చెప్పు. ఉన్నదానికి ఒక్క మాట ఎక్కువ వద్దు, ఒక్క మాట తక్కువా వద్దు. "ఎలా ఉన్నారు" అంటే మాత్రం అలవాటుగా "బాగున్నానండి" అనకు నాన్నా, అది మీ మామయ్య చేసిన పని.

ఆదివారం నేనే బర్మింగ్‌హామ్ వస్తున్నాను, చీటీలు, పెన్నులు తెస్తాను. నువ్వు స్టేషన్‌కి రావద్దు. ఈ రాత్రినుంచే డైరీ మొదలుపెట్టు. చెయ్యి రాయనివ్వకపోతే ఫోన్లో మాట్లాడి రికార్డు చెయ్యి, వచ్చాక నేను రాసిపెడతాను.

మీ అత్త