జాన్ ఎవాన్స్ జీవితం రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. అమెరికాలో కొలరాడో గవర్నరుగా చేసిన జాన్ ఎవాన్స్ మీద రాస్తున్నానన్నావు, చాలా సంతోషం. జీవిత చరిత్రలు రాస్తూ, దిద్దుతూ ఇంత వయసుకు వచ్చినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పనీ.

డాక్టరు, గవర్నరు, రైల్వే అధ్యక్షుడు అంటూ అధ్యాయాలు విడగొట్టకు. అలా చేస్తే 1864లో సైనికులు ఆదివాసులను చంపిన సాండ్ క్రీక్ మారణకాండ గవర్నరు అధ్యాయంలో ఓ మూల పడి ఉంటుంది. రైలు డెన్వర్ చేరేసరికి చదివేవాళ్లు దాన్ని మరిచిపోతారు. ఏళ్ల వరసలోనే రాయి.

1814లో ఒహాయోలో పుట్టడం, వైద్యం, షికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ స్థాపన, ఆయన పేరు పెట్టుకున్న ఎవాన్‌స్టన్ ఊరు, ఇవన్నీ ఒక పేజీలో తేల్చెయ్యి. లింకన్ ఆయన్ని 1862లో కొలరాడో టెరిటరీకి, అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతానికి, గవర్నరుగా పంపాడు. ఆ పదవితోపాటు అక్కడి ఆదివాసుల వ్యవహారాల బాధ్యత కూడా ఆయనదే. ఈ సంగతి గట్టిగా చెప్పు, తర్వాతి కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇక 1864 దగ్గర తొందరపడకు. మార్చిలో ఇప్పటి డెన్వర్ విశ్వవిద్యాలయానికి పునాది పడింది. ట్రస్టీల్లో సైన్యాధికారి కల్నల్ చివింగ్టన్ ఒకడు. ఆగస్టులో, శత్రువులైన ఆదివాసులను చంపి వాళ్ల ఆస్తి తీసుకోవచ్చని పౌరులకు అనుమతిస్తూ ఎవాన్స్ ప్రకటన ఇచ్చాడు. సెప్టెంబరులో షాయెన్ తెగ పెద్ద బ్లాక్ కెటిల్, మరికొందరు పెద్దలు శాంతి కోరి డెన్వర్ దాకా వచ్చారు. నవంబరు 29 పొద్దున్నే చివింగ్టన్ దళం సాండ్ క్రీక్ దగ్గర వాళ్ల విడిది మీద పడింది. బ్లాక్ కెటిల్ గుడారం మీద అమెరికా జెండా ఎగురుతూనే ఉంది. సుమారు 230 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ దళంలోని కెప్టెన్ సైలస్ సూల్ కాల్చడానికి ఒప్పుకోలేదు, తర్వాత సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలో అతన్ని కాల్చి చంపారు. అతనికి ఓ పేరా ఇవ్వకపోతే నేను ఒప్పుకోను.

దాడి రోజు ఎవాన్స్ వాషింగ్టన్‌లో ఉన్నాడు. అది దాచకు, దాన్ని అడ్డం పెట్టి వదిలెయ్యనూ వద్దు. ఆయన స్థాపించిన రెండు విశ్వవిద్యాలయాలూ 2014లో ఎవరికి వారు నివేదికలిచ్చాయి. దాడి పథకంలో ఆయన ఉన్నట్టు ఆధారం లేదంది నార్త్‌వెస్టర్న్. డెన్వర్ ఆయన తప్పును ఇంకా బరువుగా తూచింది. రెండూ పక్కపక్కన పెట్టు.

1865లో పదవి పోయింది, డెన్వర్ మాత్రం వదల్లేదు. యూనియన్ పసిఫిక్ రైలు లైను డెన్వర్‌ను తప్పించి షాయెన్ పట్నం మీదుగా పోయింది. ఎవాన్స్ నాయకత్వంలో డెన్వర్ పసిఫిక్ రైల్వే 106 మైళ్ల పట్టాలేసి, 1870 జూన్‌లో ఊరిని దానికి కలిపింది. జనాభా లెక్కలు తప్పక ఇవ్వు: 1860లో 4,749, 1870లో 4,759, 1880లో 35,629. రైలు ఏం చేసిందో అందులోనే కనిపిస్తుంది. ఆ పట్టాలు పడ్డ నేల షాయెన్, అరాపహో తెగలదని 1851 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది. ఈ వాక్యం ఆ లెక్కల పక్కనే ఉండాలి.

పట్టాలు పూర్తయిన వేడుకలో కొట్టాల్సిన వెండి మేకు కథ నీకూ తగులుతుంది. జార్జ్‌టౌన్ గని కార్మికులు తెచ్చిన మేకును దారిలో తాకట్టు పెట్టారనీ, ఎవాన్స్ ఇనప మేకుకు తెల్ల కాగితం చుట్టి కొట్టాడనీ చెప్పుకుంటారు. రాయి, కానీ ‘చెప్పుకుంటారు’ అనే రాయి.

1864 పేజీలు అవ్వగానే మిగతావాటి కోసం ఆగకుండా నాకు పంపు.

మీ పెదనాన్న