ఆ జీతం ఉప్పూ పప్పులకే, తోట మీది అప్పుకి కాదు

ఆగస్టు క్లాసుల కోసం పిల్లలు సూట్‌కేసులు సర్దుకునే రోజులివి. అందుకేనేమో ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: చదువుకుంటూ క్యాంపస్‌లోనే ఉద్యోగం చేయడం. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని అందరూ కోరారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: మాది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. మా బాబుకి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. తిత్లీ తుఫానులో తోటంతా పోతే మళ్లీ వేశాం, ఆ కొబ్బరి, జీడి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. కన్సల్టెన్సీ వాళ్లేమో "మొదటి ఏడాది ఫీజు మీరు కడితే చాలు, తర్వాత క్యాంపస్ ఉద్యోగంతో మిగతాది అబ్బాయే కట్టుకుంటాడు, ఆ ఉద్యోగం కూడా మేమే చూస్తాం, దానికి వేరేగా 60 వేలు" అంటున్నారు. తోట తాకట్టు పెట్టమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ 60 వేలు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఇవాళే వెళ్లి వెనక్కి అడగండి. క్యాంపస్ ఉద్యోగాన్ని ఇక్కడ కూర్చుని ఎవరూ ఇప్పించలేరు. మీ అబ్బాయి అక్కడికి వెళ్లి, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనో హ్యాండ్‌షేక్ లాంటి పోర్టల్‌లోనో ఖాళీలు చూసుకుని, తన క్లాసుల టైమ్‌టేబుల్ పట్టుకుని, డైనింగ్ హాల్ సూపర్‌వైజర్‌నో లైబ్రరీ వాళ్లనో స్వయంగా కలవాలి. వాళ్లు ఆఫర్ లెటర్ ఇస్తే, దానికి తోడు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసు నుంచి ఇంకో లెటర్ తీసుకుని సోషల్ సెక్యూరిటీ నంబరుకి (అక్కడ జీతం తీసుకోవడానికి కావాల్సిన ప్రభుత్వ నంబరు) అప్లై చేయాలి. ఆ కార్డుకి ఒక్క డాలరు కూడా ఫీజు లేదు. ఇందులో కన్సల్టెన్సీ చేయగలిగేది ఏముంది చెప్పండి?

ఇక అసలు లెక్కకి వద్దాం. ఎఫ్-1 వీసా మీద చదివే పిల్లలు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. రెండు చోట్ల చేసినా రెండూ కలిపే 20. ఈ వారం 30 చేసి వచ్చే వారం 10 చేస్తే సరిపోతుందిలే అనుకుంటారు కొందరు, సరిపోదు. అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచీ అదే. 20 గంటలకి 145 డాలర్లు, నాలుగు వారాలకి 580. చాలా రాష్ట్రాల్లో కనీస వేతనం దీనికన్నా ఎక్కువే, సరే, గంటకి 15 డాలర్లు వచ్చే చోటే దొరికిందనుకుందాం, అప్పుడు నాలుగు వారాలకి 1,200. అదీ ఉద్యోగం దొరికాక. మొదటి సెమిస్టర్‌లో దొరకని పిల్లలు బోలెడంత మంది.

ఇప్పుడు మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం తీయమనండి. అందులో ట్యూషన్ ఫీజుకి ఒక గడి, తిండికీ వసతికీ ఇంకో గడి ఉంటాయి. పై లెక్క తీసుకెళ్లి ఆ రెండో గడి పక్కన పెట్టండి, గదిని ముగ్గురు నలుగురితో పంచుకుని ఇంట్లోనే వండుకునే అబ్బాయైతే అందులో కొంత భాగం తీరుతుంది, బాగా పొదుపుగా ఉంటే ఎక్కువ భాగమే తీరొచ్చు. అదే లెక్క ట్యూషన్ గడి పక్కన పెట్టి చూడండి. ఇంక నేను చెప్పాల్సిన పని ఉండదు. వేసవి సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు కదా అంటారు, చేయొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది, కానీ సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అయిపోతుంది, పనులూ తగ్గుతాయి.

అసిస్టెంట్‌షిప్ సంగతి వేరు. ప్రొఫెసర్ దగ్గర పాఠాల్లోనో పరిశోధనలోనో సాయం చేస్తే స్టైపెండ్ ఇచ్చి ట్యూషన్ కూడా కొంతో మొత్తమో మాఫీ చేస్తారు. ఇది పీహెచ్‌డీ వాళ్లకి ఎక్కువ, ఎంఎస్ వాళ్లకి తక్కువ. మీ వాడి అడ్మిషన్ లెటర్‌లో ఆ మాట రాసి ఉంటే నా జవాబు మొత్తం మార్చేసుకోండి. రాసి లేకపోతే వస్తుందన్న ఆశ మీద అప్పు చేయకండి.

తోట మీ ఇష్టం, కానీ అడిగారు కాబట్టి నా మనసులో మాట చెప్తాను. 2018 అక్టోబర్‌లో ఒక్క రాత్రిలో కూలిపోయిన చెట్ల స్థానంలో మళ్లీ మొక్క నాటి, నీళ్లు మోసి, ఇన్నేళ్లు ఎదురుచూసిన తోట అది. రెండేళ్ల ట్యూషన్‌కీ ఇప్పుడే దారి కనపడుతోందా, పంపండి. కనపడకపోతే అడ్మిషన్‌ని తర్వాతి సెమిస్టర్‌కి వాయిదా వేయమని యూనివర్సిటీకి మెయిల్ పెట్టమనండి, చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. ఈలోగా ఫీజు తక్కువగా ఉండే ప్రభుత్వ యూనివర్సిటీలు వెతకమనండి. ఒక ఏడాది ఆగితే కొంపలేం మునిగిపోవు.

ప్రశ్న: నాది గజపతినగరం, టీచరుగా రిటైర్ అయ్యాను. అమ్మాయి అమెరికాలో చదువుతూ క్యాంపస్ డైనింగ్ హాల్లో పని చేస్తోంది. మొన్న వీడియో కాల్‌లో నెత్తికి వల టోపీ, చేతులకి గ్లౌజులు, మోచేతుల దాకా తడి. పెళ్లిలో ఆ మాట చెప్తే ఒక బంధువు "ఇక్కడ కాఫీ గ్లాసు కూడా కడగనివ్వకుండా పెంచావు, అక్కడ ఎంగిలి కంచాలు తోముతోందా?" అన్నాడు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మానేయమని చెప్పేదా?

జవాబు: వద్దు మాస్టారూ. దయచేసి ఆ మాట అమ్మాయితో అనకండి.

మీరు ఉన్నది విజయనగరం జిల్లాలో. చదువు కోసం చేయి చాచడానికి సిగ్గుపడని ఊరు విజయనగరం. వారాలు చేసుకుని, రోజుకో ఇంట్లో తిని చదువుకున్న తరాలని చూసిన వీధులవి. 1919లో మొదలైన మన సంగీత కళాశాలలో చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల గారు జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం చేసుకున్నారని మీ తరం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం, వీధుల్లో అన్నం. ఆ జోలెని మనం ఇప్పటికీ గర్వంగా తలుచుకుంటాం కదా, మరి తన కష్టానికి గంటల లెక్కన జీతం తీసుకుంటున్న పిల్ల విషయంలో తల దించుకోవడం ఎందుకు?

నా సంగతీ చెప్తాను. నేను పీజీ చదివేటప్పుడు హాస్టల్ మెస్‌లో లెక్కలు రాసేదాన్ని. పొద్దున్న అయిదున్నరకి పాల క్యాన్లు వచ్చేవి, కొలిచి తీసుకోవాలి. తర్వాత కూరగాయల తూకం. వంకాయల బుట్టలో పైన నిగనిగలాడేవి, అడుగున పుచ్చులు, బుట్ట బోర్లించి చూస్తే గానీ తెలిసేది కాదు. మొదటి నెల నేను బోర్లించలేదు, నెలాఖరుకి మెస్ బిల్లు పెరిగి అమ్మాయిలందరూ నా గది ముందుకొచ్చారు. ఆ రోజు ఏడ్చాను. రెండో నెల నుంచి ప్రతి బుట్టా బోర్లించాను. ప్రతిఫలంగా నా మెస్ బిల్లు మాఫీ, అంతే, చేతికి పైసా వచ్చేది కాదు. కానీ ఇవాళ్టికీ ఎవరు ఏ బిల్లు నా ముందు పెట్టినా ముందు అడుగు చూస్తాను.

డైనింగ్ హాల్లో ఎప్పుడూ మనుషులు కావాలి కాబట్టి కొత్తగా వెళ్లిన పిల్లలకి మొదట దొరికేది సాధారణంగా అదే. చాలా చోట్ల షిఫ్టులో ఒక పూట భోజనం కూడా పెడతారు. ఒక సెమిస్టర్ బాగా చేస్తే ఆ సూపర్‌వైజర్ మాట సాయంతో లైబ్రరీకో, కంప్యూటర్ హెల్ప్ డెస్క్‌కో, తన డిపార్ట్‌మెంట్‌లో పేపర్లు దిద్దే పనికో మారొచ్చు. ఆ ప్రయత్నం చేస్తోందా అని అడగండి. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి: రాత్రి షిఫ్టు ఎన్నింటికి అయిపోతోంది, గదికి ఎలా వెళ్తోంది? క్యాంపస్ బస్సు వేళలు తెలుసుకోమనండి. నిద్ర పోగొట్టుకోవాల్సి వస్తే దాని గురించి పోగొట్టుకోండి, ఆ బంధువు మాటకి కాదు.

ప్రశ్న: అక్కా, నాది బొబ్బిలి. అమెరికాలో ఎంఎస్ రెండో సెమిస్టర్. క్యాంపస్‌లో ఇప్పటికి 11 చోట్ల అప్లై చేశాను, ఎక్కడా రాలేదు. ఇక్కడ గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్, చేతికి క్యాష్ ఇస్తామంటున్నారు. మా సీనియర్లు చేస్తున్నారు. నాన్నని డబ్బులు అడగాలంటే చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, చేయకు. నీ బాధ అర్థమైంది, అయినా చేయకు.

అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే నీ ఎఫ్-1 స్టేటస్ పోతుంది. వేరే కారణాలతో స్టేటస్ పోయిన వాళ్లు కొన్ని సందర్భాల్లో తిరిగి ఇప్పించమని అడగొచ్చు, అనుమతి లేని పని చేసిన వాడికి ఆ తలుపు కూడా దాదాపు మూసుకుపోతుంది. రేపు ఓపీటీకో (చదువు తర్వాత పని చేసుకునే అనుమతి), హెచ్-1బీకో (ఉద్యోగ వీసా) వెళ్లినప్పుడు ఈ విషయం బయటపడితే ఇప్పటి దాకా పెట్టిన డబ్బంతా నీళ్ల పాలు. సీనియర్లు చేస్తున్నారంటావు, వాళ్లకి ఇంకా ఏమీ కాలేదు అంతే. పైగా నైట్ షిఫ్టులో క్యాష్ కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడే పని, జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా ఎవరికీ చెప్పుకోలేవు.

ఈ వారం చేయాల్సింది చెప్తాను. విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి, ఇంట్లో డబ్బు ఇబ్బందిగా ఉందని ఉన్నదున్నట్టు చెప్పు. చాలా యూనివర్సిటీల్లో అత్యవసర సహాయ నిధి, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉంటాయి, మన పిల్లలు మొహమాటంతో వాటి వైపే వెళ్లరు. ఒక పూర్తి విద్యా సంవత్సరం అయ్యాక, ఇంట్లో నువ్వు ఊహించని పెద్ద ఆర్థిక దెబ్బ తగిలి ఉంటే, దాన్ని చూపించి బయట పనికి చట్టబద్ధంగా అనుమతి అడిగే దారి కూడా ఉంది, అది నీకు వర్తిస్తుందేమో వాళ్లనే అడుగు. ఇక 11 అప్లికేషన్లు ఆన్‌లైన్‌లో పెట్టి ఊరుకున్నావా, మనిషిగా ఎక్కడికైనా వెళ్లావా? సెమిస్టర్ మధ్యలో పిల్లలు మానేస్తూ ఉంటారు, ఆ ఖాళీ ముందు నోటి మాటగానే తిరుగుతుంది. డైనింగ్ హాల్, జిమ్ రిసెప్షన్, పార్సిళ్లు వచ్చే మెయిల్ రూమ్, ఈ మూడు చోట్లకీ టైమ్‌టేబుల్ ప్రింట్ తీసుకుని వెళ్లు.

నాన్నకి ఫోన్ చేయి. గ్యాస్ స్టేషన్ విషయం తర్వాత తెలియడం కన్నా ఇప్పుడు డబ్బు అడగడం ఆయనకి తేలిక.

ప్రశ్న: మా తమ్ముడు విదేశాల్లో చదవాలనుకుంటున్నాడు. అమెరికా కాకుండా మిగతా దేశాల్లో చదువుకుంటూ ఎన్ని గంటలు పని చేయొచ్చు? (చీపురుపల్లి)

జవాబు: బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ వాళ్లకి సాధారణంగా క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకి కలిపి 48. కెనడాలో క్యాంపస్ బయట పనికి 2024 నవంబర్ నుంచి వారానికి 24 గంటల పరిమితి, క్యాంపస్ లోపలైతే గంటల పరిమితి లేదు. జర్మనీలో 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, యూనివర్సిటీలోనే విద్యార్థి సహాయకుడిగా చేసే పని ఆ లెక్కలోకి రాదు. మీ తమ్ముడు జర్మనీకే అయితే ఆ సహాయకుడి ఉద్యోగం మీదే కన్నేయమనండి.

ప్రశ్న: మేడమ్, మాది సీతంపేట దగ్గర గిరిజన గ్రామం. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. అందరూ అమెరికాలో క్యాంపస్ ఉద్యోగాల గురించే మాట్లాడతారు, మాలాంటి వాళ్లకి ఇక్కడ అలాంటివి ఉండవా? నెలకి రెండు మూడు వేలు వచ్చినా ఇంటికి అడగక్కర్లేదు.

జవాబు: తల్లీ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదే. చదువుతూ సంపాదించడం అమెరికా కనిపెట్టింది కాదు. మహారాష్ట్రలో కర్మవీర్ భావురావ్ పాటిల్ 1919లో మొదలుపెట్టిన రయత్ శిక్షణ్ సంస్థలో పేద పిల్లలు పని చేసుకుంటూనే చదువుకున్నారు, దాని పేరే 'ఎర్న్ అండ్ లెర్న్'. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన విద్యార్థుల కోసం యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రాసిన మార్గదర్శకాల్లో కూడా ఈ ఆలోచన ఉంది: క్లాసులు లేని వేళల్లో, వారానికి 20 గంటలకి మించకుండా, నెలకి 20 రోజుల వరకు, గంటల లెక్కన డబ్బు. లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, ఆఫీసులో డేటా ఎంట్రీ లాంటి పనులు.

కాబట్టి నువ్వు అడిగేది దయ కాదు. ఒక పేజీ అర్జీ రాయి. ఆ మార్గదర్శకాల మాట ప్రస్తావించు, నువ్వు ఏ పని చేయగలవో, ఏ రోజు ఏ గంటలు ఖాళీయో పట్టీ గీసి పెట్టు. మీ శాఖాధిపతితో సంతకం చేయించుకుని లైబ్రేరియన్ గారికి ఒకటి, రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకో. ఒక్కదానివే వెళ్లకు, నీలా అవసరం ఉన్న పిల్లలు ఇంకో నలుగురైదుగురు ఉంటారు, అందరూ కలిసి వెళ్తే అది పథకంగా మారే అవకాశం ఎక్కువ. జవాబు వచ్చేలోగా ఎచ్చెర్ల, చిలకపాలెం వైపు సాయంత్రం ట్యూషన్లు చూడు. సవర భాష వచ్చా నీకు? వస్తే అర్జీలో తప్పకుండా రాయి, గిరిజన ప్రాంతాల్లో సర్వేలకి, అనువాదాలకి వెళ్లే ప్రొఫెసర్లకి ఆ భాష తెలిసిన మనిషి దొరకడం కష్టం.

పరీక్షల నెలలో ఎన్ని గంటలు తగ్గించుకుంటావో కూడా ఆ కాగితంలోనే రాసేయి. పనిలో చేరాక అడగాలంటే నోరు రాదు.