శైలికల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

బార్డెట్-బీడల్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చాలా చదివి రాశావని తెలుస్తూనే ఉంది. అయినా మొదటి పేజీ దాటేసరికి నాకు లక్షణాల జాబితా మాత్రమే గుర్తుంది: ఆరో వేలు, రేచీకటి, ఊబకాయం, కిడ్నీ జబ్బు, చదువులో వెనకబాటు. ఎవరు చదివినా ముందు అడిగేది ఇదే కదా: వేలికీ కంటికీ కిడ్నీకీ ఏమిటి సంబంధం? జవాబు నీకు తెలుసు: శైలిక, అంటే కణం మీద వెంట్రుకలా నిలబడే సన్నని పోగు. దాన్ని చివరి పేరాలో దాచావెందుకు?

శైలిక కణానికి యాంటెన్నా లాంటిదని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయావు. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. యాంటెన్నా అనగానే అది విరిగిపోయిందనుకుంటారు. ఈ జబ్బులో చాలా కణాల మీద శైలిక నిలబడే ఉంటుంది. చెడేవి దాని లోపలి రాకపోకలు. శైలికకు కావలసిన ప్రోటీన్లు కణంలో తయారై అడుగు నుంచి పైకి వెళ్లాలి, పనైపోయినవి కిందికి దిగాలి. ఎనిమిది ప్రోటీన్లు కలిసి ఏర్పడే బీబీఎస్ఓమ్ అనే సముదాయం ముఖ్యంగా ఆ దింపే పని చూస్తుంది. ఆ సముదాయానికి సంబంధించిన ఒక జన్యువుకు రెండు కాపీలూ చెడితే, లోపల ఉండకూడనివి పేరుకుపోతాయి, ఉండాల్సినవాటికి చోటు తప్పుతుంది. ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువులు ఇప్పటికి ఇరవైకి పైగా తెలిశాయి. వ్యాసం ఈ ముక్కతో మొదలుపెట్టు.

ఈ రాకపోకలు ఎలా బయటపడ్డాయో మంచి కథ ఉంది, నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. 1993లో యేల్ విశ్వవిద్యాలయంలో జోయెల్ రోజెన్‌బామ్ దగ్గర పనిచేస్తున్న కీత్ కోజ్మిన్‌స్కీ, క్లామిడోమోనాస్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి వీడియో తీశాడు. ఇంటర్ బోటనీలో మనం బొమ్మ వేసిన ఆకుపచ్చ శైవలమే, నాచు జాతిదే అది. దాని కశాభానికీ, అంటే కొరడాలాంటి తోకకీ, మన శైలికకూ మూల నిర్మాణం ఒకటే. కశాభాలు కొట్టుకోని రకాలను ఎంచుకుని చూస్తే, కదలని కశాభం పొడవునా రేణువులు ఆగకుండా ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. పైకి సెకనుకు దాదాపు 2 మైక్రోమీటర్లు, కిందికి 3.5. తర్వాత 2000లో గ్రెగరీ పజూర్, జార్జ్ విట్‌మన్‌ల బృందం ఈ రవాణాకు కావలసిన ఒక జన్యువును పట్టుకుంది. అది లేకపోతే శైవలానికి కశాభాలే రావు. ఎలుకలో అదే జన్యువు చెడితే కిడ్నీ నాళాల్లోని శైలికలు పొట్టిగా ఉండిపోతాయి. ఆ జాతి ఎలుకల కిడ్నీల నిండా నీటితిత్తులు ఉంటాయని అంతకుముందే తెలుసు. శైవలం మీద పని చేస్తున్నవాళ్లకు కిడ్నీ జబ్బు కారణం దొరికింది! దీనికి పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు, నాకైతే చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

వేలి సంగతికి వచ్చేటప్పుడు తొందరపడకు. పిండం ఎదిగేటప్పుడు కణాలు అందుకునే సంకేతాలకు శైలిక ఎంత అవసరమో 2003లో న్యూయార్క్‌లో కాథ్రిన్ ఆండర్సన్ బృందం ఎలుక పిండాల్లో చూపింది. హెడ్జ్‌హాగ్ అనే సంకేతం రానంతవరకు పాచ్డ్ అనే ప్రోటీన్ శైలికలో ఉండి, స్మూథెన్డ్ అనే ఇంకో ప్రోటీన్‌ను అక్కడ చేరనివ్వదు. సంకేతం వచ్చి పాచ్డ్‌ను పట్టుకుంటే అది తప్పుకుంటుంది, స్మూథెన్డ్ శైలికలోకి వస్తుంది, కబురు కేంద్రకం దాకా వెళ్తుంది. సంకేతం లేనప్పుడు గ్లీ3 అనే ప్రోటీన్ తెగి, జన్యువులను అణిచి ఉంచే రూపంలోకి మారాలి. దానికీ శైలిక సరిగ్గా ఉండాల్సిందే. ఆ అణచివేత తగ్గితే పిండం చేతికి వేలు అదనంగా వస్తుంది. ఆ వెంటనే, ఆరో వేలుతో పుట్టిన పిల్లల్లో చాలామందికి వేరే జబ్బేమీ ఉండదని రాయి. ఆరు వేళ్లు అదృష్టమనుకునే ఇళ్లు మనవి. నీ వ్యాసం చదివి ఏ తల్లీ ఊరికే బెంబేలెత్తకూడదు.

కన్ను గురించి రాసింది బాగుంది. మసక వెలుతురులో కాంతిని పట్టే దండకణం పైభాగం మొత్తం మారిన శైలికేనని, రోజూ దానిలో సుమారు పదోవంతు రాలి మళ్లీ కొత్తగా కట్టుకుంటుందని, ఆ సరుకంతా ఒక సన్నని మెడ గుండానే వెళ్లాలని చెప్పావు. రేచీకటి ముందు ఎందుకొస్తుందో దానితో అర్థమవుతుంది. దాన్ని కదపకు.

నన్ను బాధపెట్టింది ఆకలి గురించి రాసిన చోటు. 'అతిగా తినడం వల్ల ఊబకాయం' అని రాశావు. తప్పు పిల్లవాడిమీద పడిపోయింది. మెదడులో హైపోథాలమస్‌లోని కొన్ని కణాల్లో, కడుపు నిండిందన్న సంకేతాన్ని అందుకునే ఎంసీ4ఆర్ అనే గ్రాహకం శైలికలోనే ఉంటుంది. శైలిక పని తప్పితే ఈ సంకేతాల దారి దెబ్బతింటుంది, తిన్నా ఆకలి తీరదు. ఆ పిల్లవాడు ఇంట్లో తిండిపోతని తిట్లు తింటాడు, వాళ్లమ్మ అదుపులో పెట్టడం చేతకాదని మాటలు పడుతుంది. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బువల్ల వచ్చే ఊబకాయానికి సెట్‌మెలనోటైడ్ అనే ఇంజెక్షన్‌ను ఆమోదించింది. అది ఆ ఆకలి దారిమీదే పనిచేస్తుంది, పోయిన చూపును తేలేదు. రెండు మాటలూ పక్కపక్కనే ఉండాలి.

మేనరికం గురించి రాయక తప్పదు, కోర్టు తీర్పులా మాత్రం రాయకు. తల్లిదండ్రులిద్దరిలో ఒకే జన్యువుకు చెడిన కాపీ ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గరి చుట్టాలకు ఒకే తాత నుంచి అదే చెడిన కాపీ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మేనరికాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. మేనరికం లేని ఇళ్లలోనూ వస్తాయి, మేనరికం చేసుకున్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. ఇంకో అపోహ కూడా తొలగించు: 'ఒకరికి వచ్చేసింది కదా, మిగతా ముగ్గురికీ ఫరవాలేదు' అనుకుంటారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. తర్వాతి కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోమని, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలో దానికో విభాగం ఉందని, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షలు చేస్తారని అక్కడే చెప్పు.

మళ్లీ రాసేటప్పుడు ఆకలి పేరాను కన్ను కంటే ముందుకు జరుపు. అచ్చుకు ఇచ్చేముందు ఒక జన్యు వైద్యుడికీ, ఇలాంటి బిడ్డ ఉన్న ఒక తల్లికీ చదివి వినిపించు. ఆ తల్లి ఏ వాక్యం దగ్గర నొచ్చుకుందో నాకు రాయి, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

ఇట్లు,
నీ మేలుకోరే
పెద్దమ్మ